ఒక్క లైను కోడు, ఏడు ట్రాక్టర్ల కాయ

ఏ పనైనా ఎలా జరుగుతుందో అర్థం చేసుకోవాలనుకోవడం ఒక చెడ్డ అలవాటు. నేను దాన్ని మానేసి పదకొండేళ్లయింది. అప్పట్నుంచి వేళకు ఆకలేస్తోంది, పడుకుంటే నిద్ర పడుతోంది, జుట్టు రాలడం కూడా కాస్త తగ్గింది.

ఇది విని మీలో కొందరు ముఖం చిట్లిస్తారని తెలుసు. చిట్లించండి! ముందు నా సంగతి వినండి, తర్వాత మీ ఇష్టం.

నా పేరు గోపీ. తిరుపతి కొర్లగుంటలో ఒక టిఫిన్ సెంటర్ మేడ మీద నా ఆఫీసు. నేను వెబ్ డెవలపర్‌ని, అంటే జనానికి వెబ్‌సైట్లు తయారుచేసి పెట్టేవాణ్ణి. బోర్డు మీద అలాగే రాయించాను. నిజానికి నేను తయారుచేసేది ఏమీ లేదు. ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్న పుణ్యాత్ములు కోడ్ ముక్కలు రాసి నెట్‌లో ఉచితంగా పెడతారు. ఫోన్ నంబర్‌కు పది అంకెలున్నాయో లేదో చూసే ముక్క ఒకటి. ఫొటోను గుండ్రంగా కత్తిరించే ముక్క ఒకటి. మెనూ పక్కనుంచి జారుకుంటూ వచ్చే ముక్క ఒకటి. వాటిని తెస్తాను, అతికిస్తాను. నడిచిందా, సంతోషం. నడవలేదా, ఇంకో ముక్క తెస్తాను.

ప్రతి ముక్కకూ పై మూల 'కాపీ' అని చిన్న బటన్ ఉంటుంది. ఆ బటన్ కనిపెట్టిన మనిషికి గుడి కట్టాలని నా కోరిక. కడితే ఆ గుడి వెబ్‌సైట్ నేనే చేసిపెడతాను, వేరే గుడి సైట్‌లోంచి తెచ్చి.

అర్థం చేసుకుని రాసేవాళ్లు లేరా? ఉన్నారు. నాతో చదువుకున్న మోనిక ఆ జాతే. ఒక్క ఫారమ్ రాయడానికి మూడు రోజులు తీసుకుంటుంది. ఎందుకమ్మా ఇంత యాతన అంటే, "ఈ లైను ఏం చేస్తా ఉండాదో తెలీకుండా ఎట్ల పెట్టేది గోపీ?" అంటుంది. పాపం! ఆమె సైట్లు చెడిపోవు కాబట్టి ఆమె కస్టమర్లు మళ్లీ ఫోనే చేయరు. నా కస్టమర్లు రోజూ చేస్తారు, కొందరు రోజుకు రెండుసార్లు. మనుషులతో సంబంధాలు నిలబెట్టుకోవడమంటే ఇదీ!

తిరుచానూరులో ఆదికేశవులు గారికి ఒక లాడ్జి ఉంది. దాని సైట్‌కు అందం కావాలన్నారు. నెట్‌లో 'ఒక్క నిమిషంలో మీ పేజీకి అందం' అనే చిట్కా దొరికింది, తెచ్చి అతికించాను. పేజీ మీద మంచు కురవడం మొదలైంది. అది డిసెంబర్. మే నెల వచ్చింది, మంచు ఆగలేదు. ఎలా ఆపాలో నాకు తెలియదు, ఎందుకంటే ఎలా మొదలైందో తెలియదు. బయట రోడ్డు మీద కాలు పెడితే బొబ్బలెక్కుతున్నాయి, లాడ్జి సైట్ మీద మాత్రం మోకాలి లోతు మంచు! భయపడుతూ వెళ్లి ఆయనకు చెప్పాను.

ఆయన కాసేపు ఫోన్‌లోకి చూసి, "ఉండనీలేబ్బా. ఈ ఎండల్లో దీన్ని సూసినోడు రూములన్నీ ఏసీ అనుకుంటాడు" అన్నారు.

చూశారా? అర్థం చేసుకుని ఉంటే ఆపేసేవాణ్ణి. ఆ లాభం పోయేది కాదా?

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే ఒకావిడ తన బొమ్మలు ఎవరూ దొంగిలించకుండా చూడమంది. మౌస్ కుడి బటన్ పనిచేయకుండా చేసే ముక్క ఒకటి తెచ్చి పెట్టాను. అంటే, దొంగతనాన్ని అరికట్టే కోడ్‌ను వేరేవాళ్ల పేజీలోంచి కుడి బటన్ నొక్కి ఎత్తుకొచ్చాను. ఇందులో ఏదైనా తప్పుందా? నాకు కనిపించలేదు. ఇప్పుడు ఆవిడ తన బొమ్మలు తానే తీసుకోలేక, కంప్యూటర్ తెరను ఫోన్‌తో ఫొటో తీసి పంపుతోంది. భద్రత అంటే కొంత కష్టం తప్పదు.

ఇక చిత్తూరులో పాస్టర్ జోయల్ గారి ప్రార్థన మందిరం. 'మీ ప్రార్థన మనవి ఇక్కడ రాయండి' అని ఒక పేజీ కావాలన్నారు. ఏదో పిజ్జా దుకాణం ఆర్డర్ ఫారమ్ కంటికి నదురుగా కనిపించింది. పేరు మార్చాను, రంగు మార్చాను, పెట్టేశాను. రెండు వారాల తర్వాత ఆయన ఫోన్ చేశారు.

"గోపీ బ్రదర్, మనవి రాసినోళ్లకు ఏందో మెసేజ్ పోతా ఉండాది. మీ ఆర్డరు అందింది, ముప్పై నిమిషాల్లో మీ ఇంటి దగ్గరికి వస్తాది అని. మా సంఘంలో ఇద్దరు వాకిట్లో కుర్చీ ఏసుకోని కూసున్నారంట."

విశ్వాసం పెరిగిందా, తగ్గిందా? మీరే చెప్పండి!

ఇంత అనుభవాన్ని నాలోనే దాచుకోవడం స్వార్థం అనిపించింది. అందుకని తెలుగులో నేనూ ఒక చిట్కాల పేజీ పెట్టాను. ఇతరుల దగ్గర్నుంచి తెచ్చిన ముక్కలకు తెలుగులో పేర్లు పెట్టి, కాపీ బటన్ తగిలించి, కింద 'అర్థం కాకపోయినా పరవాలేదు, పనిచేస్తుంది' అని రాస్తాను. తొమ్మిది వేల మంది దాన్ని అనుసరిస్తున్నారు. అనంతపురం నుంచి ఒకాయన నన్ను 'గురువుగారూ' అని పిలిచాడు. నేను వద్దనలేదు.

ఇలా లోకసేవ జరుగుతుండగా పోయిన మామిడి కాలం వచ్చింది.

మా వైపు మామిడి కాలమంటే తెలియనివాళ్లకు రెండు మాటలు. జూన్‌లో తోతాపురి కాయ అంతా ఒక్కసారి దిగుతుంది. గుజ్జు తీసే ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు మైళ్ల కొద్దీ నిలబడతాయి. రోడ్డు మీదే వంట, రోడ్డు మీదే నిద్ర. ఇది చూసి చిత్తూరు దగ్గర ఒక ఫ్యాక్టరీవాళ్లు, పేరెందుకు లెండి, ఆన్‌లైన్ టోకెన్ పెట్టాలనుకున్నారు. రైతు ఇంటి దగ్గరే తేదీ, గంట ఎంచుకుంటాడు. ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. ఆ గంటకు గేటు దగ్గరికొస్తే వాచ్‌మన్ టోకెన్ నంబర్ కొట్టి చూస్తాడు. తెర మీద పచ్చ రంగు వస్తే లోపలికి, ఎర్ర రంగు వస్తే వెనక్కి. ఎర్ర రంగు వచ్చి వెనక్కి పోయినవాడి టోకెన్ రద్దు.

ఆ పని మేనేజర్ ధర్మేంద్ర గారు నాకు అప్పగించారు. నేను మూడు రోజుల్లో ముగించాను. తేదీని సరిచూసే భాగానికి మాత్రం కాస్త వెతకాల్సి వచ్చింది. చివరికి దొరికింది, ఒక్క లైను! 'తేదీని శుభ్రంగా రాసుకోవడానికి ఒకే ఒక్క లైను' అని దాని పేరు. అతికించాను. పొద్దున పదకొండు గంటలకు, ఇడ్లీ తిని, ఆఫీసులో కూర్చుని పరీక్షించాను. పచ్చ! మళ్లీ నొక్కాను. పచ్చ! ఆ ఆనందంలో ఆ లైనును నా చిట్కాల పేజీలో కూడా పెట్టాను. నాలుగు వందల లైకులు వచ్చాయి.

పన్నెండు రోజులు గడిచాయి. ఒక్క ఫిర్యాదు లేదు. ధర్మేంద్ర గారే ఫోన్ చేసి, "ఏమప్పా, ఏం చేసినావో గానీ గేటు దగ్గర గలాటానే లేదు" అన్నారు. ఇన్నాళ్ల నా సిద్ధాంతానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి? ఆ రోజు రెండు కాఫీలు తాగాను.

పదహారో తేదీ తెల్లవారుజామున నాలుగుంపావుకు ఫోన్ మోగింది. మా మునిరామయ్య మామ. అమ్మకు సొంత తమ్ముడు, ఐరాలలో ఉంటాడు. మూడెకరాల తోతాపురి తోట తప్ప ఆయనకు వేరే ఆధారం లేదు. ఆ ఏడాది కాపు సగమే వచ్చింది. ఆ సగమంతా ఒక్క ట్రాలీలో ఎత్తుకుని వచ్చాడు.

"రేయ్ గోపీ, యాడుండావురా? ఈడ గేటుకాడ నా టోకెను సెల్లదంటా ఉండారు. నిన్నటిదంట."

"మెసేజ్‌లో ఏ తేదీ ఉంది మామా?"

"పదారు, నాలుగ్గంటలు అని సక్కంగా ఉండాది. గేటుకాడి తెరలో పదైదు సూపిస్తా ఉండాది."

ఇలాంటి సమయంలో ఏం చెప్పాలో మా వృత్తిలో అందరికీ తెలుసు. కళ్లు తెరవకుండానే చెప్పగలం.

"ఒకసారి ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చెయ్ మామా."

మామ నెమ్మదిగా అన్నాడు. "ఫోను కాదురా, ట్రాలీ నిండా కాయుండాది. దాన్ని ఆఫ్ చేసేది ఎట్ల?"

నేను పక్కకు తిరిగి పడుకున్నాను. అవును, పడుకున్నాను! ఆరు గంటలకు మళ్లీ ఫోన్. ఈసారి మామ గొంతు మారింది. ఆయనొక్కడే కాదు, తెల్లారకముందే వచ్చిన ఏడు ట్రాక్టర్లను వెనక్కి పంపారు. ఏడింటి టోకెన్లూ నిన్నటివేనట. "ఆరు గంటలోళ్లు దర్జాగా లోపలికి పోతా ఉండారు. మేము మాత్తరం ఏం పాపం చేసినాము?" అన్నాడు.

బండి తీశాను. చిత్తూరు చేరేసరికి ఎనిమిదవుతోంది, అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ ఉన్నాడు. ఎప్పుడూ ఉండే ఇమ్మానుయేల్ భార్యకు కంటి ఆపరేషన్ చేయించడానికి వేలూరు వెళ్లాడట. ఆ కొత్తాయనను పక్కకు పిలిచి అడిగాను. నిన్నటి టోకెన్ పట్టుకుని, ఏడుమందీ వరసగా ఒక రోజు ఆలస్యంగా, ఒకే గంటకు వస్తారా? నీకు అనుమానం రాలేదా?

ఆయన నన్ను వింతగా చూశాడు. "ఎందుకొచ్చిందని నేనెందుకు సూడాల సార్? ఎర్రగా వస్తే ఎనక్కి పంపమన్నారు, పంపినాను. అర్థం చేసుకునేది మన పని కాదు కదా!"

పదకొండేళ్లుగా నేను ప్రచారం చేస్తున్న ధర్మాన్ని ఇంత నిష్ఠగా ఆచరించే మనిషిని అదే మొదటిసారి చూడటం. ఆయనకు నా పేజీ సంగతే తెలియదు. అయినా నాకు నిజమైన శిష్యుడు ఆయనే. కౌగిలించుకోవాలో, కొట్టాలో తేలలేదు.

మామ ట్రాలీ చక్రం పక్కన నీడలో కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. నా సైట్ కోడ్‌ను నేను మొదటిసారి చదవడం మొదలుపెట్టాను. ఎవరో తెలియని వాళ్ల ఇంట్లో అర్ధరూపాయి వెతికినట్టుంది. నలభై నిమిషాలు పట్టింది. చుట్టూ రైతులు వంగి చూస్తున్నారు. నేను చాలా పెద్ద పని చేస్తున్నానని వాళ్లు అనుకుంటున్నారు. నేను ఒక్కొక్క మాట కూడబలుక్కుంటున్నానని వాళ్లకు తెలియదు.

చివరికి తెలిసింది. ఆ ఒక్క లైను తేదీని మన గడియారం ప్రకారం రాసుకోదు. లండన్ పక్కనున్న గ్రీనిచ్ గడియారం ప్రకారం రాసుకుంటుంది. ఆ గడియారం మనకంటే ఐదున్నర గంటలు వెనక. మనకు తెల్లవారి నాలుగైతే అందులో ఇంకా ముందురోజు రాత్రి పదిన్నర. కాబట్టి తెల్లవారి ఐదున్నర లోపలి గంట ఎంచుకున్న ప్రతి రైతూ నా లెక్కలో నిన్నటి మనిషి. పదకొండు గంటలకు ఇడ్లీ తిని పరీక్షించేవాడికి ఇది ఏ జన్మకూ కనిపించదు.

లైను మార్చడానికి అర నిమిషం పట్టింది. కానీ రద్దయిన టోకెన్లు రద్దయినట్టే. మళ్లీ ఖాళీ ఉన్నది పద్దెనిమిదో తేదీకే. ట్రాలీలో కాయ అప్పటిదాకా ఆగదు.

అప్పుడొక దొంగ ఆలోచన వచ్చింది. సైట్ తాళాలన్నీ నా చేతిలోనే ఉన్నాయి కదా! మధ్యాహ్నం మూడు గంటల టోకెన్లలో ఎవరిదో ఒకటి తీసేసి మామ పేరు పెడితే ఎవరికి తెలుస్తుంది? మామ చెవిలో చెప్పాను.

ఆయన గట్టిగానే అన్నాడు. "నన్నొక్కణ్ణి లోపలికి తోస్తావా? ఈ ఆరుమందిది కాయ కాదా? నువ్వు ఎవుని టోకెను తీస్తావో వాడు మద్యాన్నం నా మాదిరి ఈడ నిలబడల్లా?"

నాకు సిగ్గేసింది. లాప్‌టాప్ మూసి ధర్మేంద్ర గారి గది ముందు రెండు గంటలు నిలబడ్డాను. తప్పు నాదని చెప్పాను. ఈ వాక్యాన్ని ఎక్కడా కాపీ కొట్టలేదు, సొంతంగా చెప్పాను, అందుకే తడబడింది. ఆయన చాలాసేపు గొణిగి, మర్నాడు తెల్లవారి నాలుగింటికి ఏడు ట్రాక్టర్లనూ అదనంగా తీసుకుంటామని ఒప్పుకున్నారు. ఆ పగలంతా మేము గోనెపట్టాలు తడిపి కాయ మీద కప్పుతూనే ఉన్నాం. ఎండ మా పని చూసి ఏమాత్రం తగ్గలేదు.

మర్నాడు నాలుగింటికి గేటు దగ్గర ఇమ్మానుయేల్ ఉన్నాడు, వేలూరు నుంచి వచ్చేశాడు. జరిగింది విని అతను నెత్తి గీరుకున్నాడు.

"నేనుండిన పన్నెండు దినాలూ తెల్లారుజామునోళ్లకు ఎర్రగానే వస్తా ఉండె సార్. ట్రాక్టరు నా కండ్ల ముందర ఉండాది, ఇంగ నిన్నటిది ఎట్లవుతాది? వాళ్ల ఫోన్లో తేదీ సూసి, గేటు తీసి, నోటుబుక్కులో రాసుకోని పంపిచ్చినాను."

"మరి నాకెందుకు చెప్పలేదు ఇమ్మానుయేల్?"

"మీరు సదువుకున్నోళ్లు కదా సార్. ఏదో ఒక కారణం ఉండే పెట్టింటారనుకుంటిని."

కారణం! నా కోడ్‌కు ఒక కారణం ఉంటుందని ఈ లోకంలో నమ్మిన ఏకైక మనిషి ఆయన. పన్నెండు రోజులు ఫ్యాక్టరీని నడిపింది ఆయన నోటుబుక్కు. కాఫీలు తాగింది నేను.

ట్రాక్టర్లు లోపలికి వెళ్లాయి. ఏరేవాళ్లు కాయను ఏరారు. మామ ట్రాలీలో పైన ఉన్నది తీసుకున్నారు. అడుగున మెత్తబడి నీరు కారుతున్నది, ఇంచుమించు మూడో వంతు, వెనక్కి ఇచ్చేశారు. మిగతా ఆరుమందిదీ కొంచెం అటూఇటూ అంతే.

తిరిగి ఐరాల వెళ్లే దారిలో, నేను బండి మీద వెనకే వస్తుంటే, మామ రోడ్డు పక్కన ట్రాక్టర్ ఆపాడు. ఇద్దరం ట్రాలీ ఎక్కి మెత్తబడ్డ కాయను కిందికి తోశాం. మామ ఒక్క తిట్టు తిట్టలేదు. తిడితే ఎంత బాగుండేదో! ఏదో ఒకటి సర్దిచెప్పాలని ఆ లైను సంగతి, గ్రీనిచ్ గడియారం సంగతి అంతా వివరించాను. అది రాసినవాడెవడో దూరదేశంవాడని, మామిడికాయ ఎప్పుడొస్తుందో వాడికెలా తెలుస్తుందని అన్నాను.

మామ చేతులు తుడుచుకున్నాడు.

"వానికి తెలీదు సరేరా. నీకు తెలుసు కదా? ఆరో తరగతి నుంచి పదోది దాకా ప్రెతి ఏడాదీ ఈ ట్రాక్టరులో నా పక్కన కూసోని వచ్చినోడివి. చీకటితోనే గదరా ఎలబారుతా ఉంటిమి. ఎండెక్కకముందే గేటు దాటల్లని ఆ పొద్దు నువ్వే నన్ను తొందర పెడతా ఉంటివి."

తెలుసు. ఆ గేటుకు కాయ ఏ వేళకు వస్తుందో నాకు తెలుసు. ఆ లైను రాసినవాడికి, దాన్ని మెచ్చుకున్న నాలుగు వందల మందికి, ధర్మేంద్ర గారికి తెలియని ఆ ఒక్క విషయం నాకు పన్నెండేళ్ల వయసు నుంచీ తెలుసు. ప్రపంచమంతా వెతికాను గానీ, నన్ను నేను ఒక్క మాట అడగలేదు. మిగిలిన నాలుగు కాయలు కూడా తోసేసి ట్రాలీ దిగాను.

పాఠక మహాశయులారా, నా చిట్కాల పేజీలో ఆ లైను తీసేశాను. అప్పటికే రెండు వందల మంది ఎత్తుకెళ్లారు. వాళ్లు దాన్ని ఏ గేటుకు తగిలించారో, ఆ గేటు దగ్గర ఇమ్మానుయేల్ లాంటివాడు ఉన్నాడో లేడో నాకు తెలియదు. తీసేశానని రాసిన కబురుకు మాత్రం ఇంతవరకు ఒక్క లైకూ రాలేదు.

మామ అడిగినదానికి జవాబు కోసం ఇంకా వెతుకుతున్నాను. ఏ సైట్‌లోనూ దొరకలేదు. మీకెక్కడైనా కనిపిస్తే పంపండి, ఈసారి చదివాకే అతికిస్తాను.